ఇల్లు మారలేదు, మా కాంగ్రెస్ నియోజకవర్గం మాత్రం మారిపోయింది. అసలు ఈ గీతలు ఎవరు గీస్తారు?

డల్లాస్ నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్కారం. డల్లాస్‌కి ఉత్తరాన ఒక శివారు ఊళ్ళో 14 ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. 2023లో సిటిజన్‌షిప్ వచ్చింది. 2024 నవంబరులో నేనూ మా ఆవిడా మొదటిసారి ఓటేశాం, పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళాం, క్యూలో ముప్పావు గంట నిలబడ్డా ఎవరికీ విసుగు రాలేదు.

మొన్న పోస్టులో కొత్త ఓటరు కార్డులు వచ్చాయి. దాని మీద చిన్న చిన్న గళ్ళలో నంబర్లు ఉంటాయి కదా, ప్రీసింక్ట్ (పోలింగ్ పరిధి) ఎంత, కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) నియోజకవర్గం ఎంత, స్టేట్ సెనేట్ ఎంత అని. పాత కార్డు పర్సులోనే ఉంది. రెండూ వంటింటి గట్టు మీద పక్కపక్కన పెట్టి చూస్తే కాంగ్రెస్ నంబరు వేరే ఉంది. అచ్చుతప్పేమో అనుకుని ఫోన్ చేశాను. తప్పేం లేదు, మ్యాప్ మారింది అన్నారు, అంతే, అంతకుమించి చెప్పలేదు. మా కాలనీ ముందు పెద్ద రోడ్డుంది, దానికి అటువైపున్న మా ఫ్రెండ్ వాళ్ళ నంబరు మాత్రం పాతదే.

నాకు అర్థం కానివి మూడు. సెన్సస్ 2020లో అయింది, దాన్నిబట్టి 2021లో మ్యాప్ గీశారు, మళ్ళీ 2031 దాకా కదపకూడదు అనుకున్నాను. మధ్యలో ఎలా మార్చారు? రెండోది, తెనాలిలో ఉన్న మా నాన్నగారు ఫోన్లో అడిగారు, "గీతలు గీసేది ఎవర్రా?" అని, నాకు జవాబు తెలియలేదు. మూడోది అందరూ వాట్సాప్‌లో అంటున్నదే, ఇక్కడ ఎవరు గెలుస్తారో ముందే ఖాయం చేసేశారు, మన ఓటుకి విలువ లేదు అని. నిజంగా అంతేనా? పద్నాలుగేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న ఓటండీ ఇది. తెలిసినవాళ్ళు దయచేసి విడమరిచి చెప్పండి.

ఆస్టిన్ పాత కాపు

మీ కార్డులో తప్పేం లేదండీ. మీ నాన్నగారి ప్రశ్నే అసలు ప్రశ్న, అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

టెక్సస్‌లో కాంగ్రెస్ గీతలు గీసేది రాష్ట్ర శాసనసభ. వేరే కమిషన్ లేదు, జడ్జి లేడు. మామూలు బిల్లు ఎలా పాసవుతుందో ఇదీ అంతే, హౌస్‌లో పాసై, సెనేట్‌లో పాసై, గవర్నర్ సంతకం పెడితే అయిపోయింది. అంటే ఎవరి చేతిలో మెజారిటీ ఉంటే పెన్సిల్ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. పదేళ్ళకోసారి సెన్సస్ లెక్క రాగానే గీతలు సరిచెయ్యడం తప్పనిసరి, మధ్యలో మళ్ళీ గీయకూడదు అని మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. మన రాష్ట్రమే 2003లో ఇలా చేసింది. అప్పుడు పైనుంచి నడిపించింది కాంగ్రెస్‌లో రిపబ్లికన్ నాయకుడు టామ్ డిలే. డెమోక్రాట్ సభ్యులు కోరం (సభ నడవడానికి ఉండాల్సిన కనీస సంఖ్య) పడగొట్టడానికి ఒకసారి ఒక్లహోమాలోని ఆర్డ్‌మోర్‌కి, ఇంకోసారి సెనేటర్లు న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీకి వెళ్ళిపోయారు. చివరికి మ్యాప్ పాసైంది. 2006లో సుప్రీంకోర్టు ఒక నియోజకవర్గాన్ని తప్పుబట్టింది గానీ మధ్యలో గీయడమే తప్పు అనలేదు. తలుపు అప్పుడే తెరుచుకుంది.

2025లో జరిగింది దానికి కొనసాగింపే. టెక్సస్‌కి 38 సీట్లు, అందులో 25 రిపబ్లికన్లవి. ఇంకో అయిదు కావాలని అధ్యక్షుడు ట్రంప్ బాహాటంగానే అడిగారు, గవర్నర్ గ్రెగ్ ఎబట్ ప్రత్యేక సమావేశం పిలిచారు. హౌస్‌లో 150 మంది, కోరానికి 100 మంది ఉండాలి. ఆగస్టు 3న డెమోక్రాట్ సభ్యులు యాభైమందికి పైగా రాష్ట్రం దాటి వెళ్ళిపోయారు, ఎక్కువమంది ఇల్లినాయ్‌కి. రోజుకి 500 డాలర్ల జరిమానా. రెండు వారాల తర్వాత తిరిగొచ్చారు. వచ్చినవాళ్ళు సభ దాటి బయటికి వెళ్ళాలంటే వెంట పోలీసు ఉండటానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలన్నారు. ఫోర్ట్‌వర్త్ సభ్యురాలు నికోల్ కాలియర్ పెట్టనన్నారు, పెట్టకుండా ఆ రాత్రి సభలోనే తన కుర్చీ దగ్గరే పడుకున్నారు. ఆ ఫోటో చూసిన రోజు నాకు నిద్రపట్టలేదు. ఆగస్టు 20న హౌస్‌లో 88-52 తేడాతో పాసైంది, 29న గవర్నర్ సంతకం అయింది.

ఇక గీతతో సీట్లు ఎలా వస్తాయో మీ పిల్లలకి కూడా చూపించండి, అయిదు నిమిషాల పని. ముగ్గుకి పెట్టినట్టు కాగితం మీద అయిదు వరసలు, వరసకి అయిదు చుక్కలు పెట్టండి. మొత్తం 25. పది ఎర్ర చుక్కలు, పదిహేను నీలం చుక్కలు. ఇప్పుడు అయిదేసి చుక్కల్ని చుట్టి అయిదు గళ్ళు చెయ్యాలి, ఏ గడిలో ఏ రంగు ఎక్కువుంటే ఆ సీటు వాళ్ళది. న్యాయంగా అయితే ఎరుపుకి రెండు, నీలానికి మూడు రావాలి. కానీ ప్రతి గడిలో మూడు నీలం, రెండు ఎరుపు వచ్చేలా చుట్టండి, నీలానికి అయిదుకి అయిదూ వస్తాయి. మళ్ళీ చెరిపేసి, మూడు గళ్ళలో మూడేసి ఎరుపు, రెండేసి నీలం పెట్టి, మిగతా తొమ్మిది నీలం చుక్కల్నీ మిగిలిన ఒక్క ఎరుపునీ చివరి రెండు గళ్ళలో కుక్కెయ్యండి. ఎరుపుకి మూడు, నీలానికి రెండు. చుక్క ఒక్కటి కూడా కదల్లేదు, రంగు మారలేదు, తక్కువ ఓట్లున్న వాళ్ళు గెలిచారు. ఒకచోట కుక్కడం, ఇంకోచోట చీల్చడం, ఈ రెండే కిటుకులు. ఇప్పుడు కంప్యూటర్లో వీధి వీధికీ పాత ఓట్ల లెక్క ఉంటుంది కాబట్టి మీ ఇంటి ముందు రోడ్డు మీదుగా గీత ఎందుకు పోయిందో గీసినవాళ్ళకి బాగా తెలుసు.

నేను 2012లో ఆస్టిన్ వచ్చాను. అప్పటి మ్యాప్‌లో మా ట్రావిస్ కౌంటీ అయిదు ముక్కలు. ఒక నియోజకవర్గం ఆస్టిన్‌లో మొదలై హ్యూస్టన్ శివార్ల దాకా, ఇంకోటి ఫోర్ట్‌వర్త్ దగ్గర దాకా, మరోటి హైవే 35 వెంబడి సన్నటి రిబ్బన్ లాగా సాన్ ఆంటోనియో దాకా. ఊళ్ళో నీళ్ళ సమస్య వస్తే ఎవరికి చెప్పుకోవాలి? అయిదుగురున్నారు, అయిదుగురికీ మేము వాళ్ళ ఓటర్లలో ఒక చివర. పార్టీ గొడవ కన్నా నాకు ఇదే ఎక్కువ బాధ. ఒక ఊరి గొంతు ఒకే మనిషి ద్వారా వినపడకుండా చెయ్యడం. మీ శివార్లకి జరుగుతున్నదీ అదే. 2010కీ 2020కీ మధ్య టెక్సస్ జనాభా దాదాపు 40 లక్షలు పెరిగింది, ఆ పెరిగినవాళ్ళలో 95 శాతం తెల్లవాళ్ళు కానివాళ్ళు, అందులో మనమూ ఉన్నాం. రెండు సీట్లు ఎక్కువొచ్చింది ఆ జనం వల్లే.

కోర్టు సంగతి కూడా చెప్పాలి. జాతిని చూసి గీతలు గీస్తే చట్టవిరుద్ధం. పార్టీని చూసి గీస్తే ఫెడరల్ కోర్టులు కలగజేసుకోవు, 2019లో రూచో కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చేసింది. దాంతో ఏమైందంటే "మేము పార్టీ లాభం కోసమే గీశాం" అని ఒప్పుకోవడమే కోర్టులో రక్షణ అయిపోయింది. ఎల్ పాసోలో ముగ్గురు జడ్జీల బెంచ్ 2025 నవంబరులో 2-1తో ఈ మ్యాప్‌ని ఆపింది, జాతిని చూశారనడానికి ఆధారాలున్నాయని. ఆ తీర్పు రాసింది ట్రంప్ నియమించిన జడ్జే. డిసెంబరు 4న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని పక్కనపెట్టి, 2026 ఎన్నికలకి ఈ మ్యాప్ వాడుకోవచ్చు అంది. అందుకే మీ కార్డు అలా వచ్చింది.

కేరీ అక్క

తమ్ముడూ, నేను నార్త్ కెరొలైనాలో ఉంటాను. నీకు ఒక్కసారే మారింది, మాకు 2016 నుంచి ఎన్నికల్లో వాడిన మ్యాపులు లెక్కపెడితే 2016 ఒకటి, 2020 ఒకటి, 2022 ఒకటి, 2024 ఒకటి, ఇప్పుడు 2026కి ఇంకోటి. అయిదు. మా రాష్ట్రంలో జనం దాదాపు సగం సగం. 2024లో ఒకే రోజు, ఒకే బ్యాలెట్ మీద ట్రంప్‌ని గెలిపించారు, గవర్నర్‌గా డెమోక్రాట్ జాష్ స్టైన్‌నీ గెలిపించారు. కాంగ్రెస్ సీట్లు చూస్తే 14లో 10 రిపబ్లికన్లకి. 2022లో కోర్టు గీయించిన మ్యాప్‌తో అవే సీట్లు 7-7 వచ్చాయి. రెండేళ్ళలో జనం మారిపోయారా? గీతలు మారాయి. ఇప్పుడు 11 చెయ్యాలని 2025 అక్టోబరులో మళ్ళీ గీశారు. ఇక్కడ మ్యాప్ బిల్లు మీద గవర్నర్‌కి వీటో కూడా లేదు, కాబట్టి స్టైన్ చూస్తూ ఉండాల్సిందే.

2016 మ్యాప్ గీసేటప్పుడు కమిటీ పెద్దల్లో ఒకడైన రిపబ్లికన్ డేవిడ్ లూయిస్ కమిటీ సమావేశంలోనే చెప్పాడు, పది రిపబ్లికన్లకి, మూడు డెమోక్రాట్లకి వచ్చేలా గీద్దాం, పదకొండు-రెండు గీయడం కుదరదు కాబట్టే పది-మూడు అంటున్నాను అని. దాపరికం ఏమీ లేదు. ఆ మాటే తర్వాత రూచో కేసు దాకా వెళ్ళింది, సుప్రీంకోర్టు చదివి కూడా ఇది మా పని కాదంది.

నా కళ్ళతో చూసింది ఒకటి చెప్తాను. గ్రీన్స్‌బరోలో నార్త్ కెరొలైనా ఏ అండ్ టీ యూనివర్సిటీ ఉంది, నల్లజాతి పిల్లల కోసం పెట్టిన పాత, పెద్ద కాలేజీ. ఆ 2016 మ్యాప్‌లో గీత సరిగ్గా క్యాంపస్ మధ్యలోంచి పోయింది. అక్కడ ఓటరు నమోదుకి సాయం చెయ్యడానికి వెళ్ళినప్పుడు ఒక పిల్ల అడిగింది, నా హాస్టల్ ఒక నియోజకవర్గం, నా క్లాసు రోడ్డుకి అవతల ఇంకో నియోజకవర్గం, నేను ఎక్కడ ఓటెయ్యాలి ఆంటీ అని. చేతిలో ఫారం పట్టుకుని నిలబడింది, పద్దెనిమిదేళ్ళ పిల్ల. వేల మంది విద్యార్థులు ఒకే చోట ఉంటే ఒక ఎంపీ వాళ్ళ మాట వినాలి, అందుకే రెండు చేశారు. 2020 ఎన్నికలకి కోర్టు పుణ్యమా అని అది పోయింది, కానీ ఆ పిల్ల మొహం నాకింకా గుర్తుంది.

కోర్టుల మీద కూడా మరీ ఆశ పెట్టుకోకు. మా రాష్ట్ర సుప్రీంకోర్టు 2022 మొదట్లో పార్టీ కోసం గీసిన గీతలు రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధం అంది. ఆ నవంబరులో ఆ కోర్టు జడ్జీల ఎన్నిక జరిగి మెజారిటీ మారింది (ఇక్కడ జడ్జీలని కూడా మనమే ఎన్నుకుంటాం). 2023 ఏప్రిల్‌లో అదే కోర్టు తన తీర్పుని తనే వెనక్కి తీసుకుంది. అందుకే బ్యాలెట్ చివర్న ఉండే జడ్జీల పేర్లు వదిలెయ్యకండి అని మా తెలుగు అసోసియేషన్‌లో ప్రతిసారీ చెప్తాను, సగం మంది పైన రెండు పేర్లు చూసి వచ్చేస్తారు.

నేపర్‌విల్ రావు

అంతా చదివాను. ఒక్కటి అడుగుతాను, టెక్సస్, నార్త్ కెరొలైనా గురించే ఎందుకు? టెక్సస్ డెమోక్రాట్లు అన్యాయం అంటూ పారిపోయి ఎక్కడికొచ్చారు? మా ఇల్లినాయ్‌కి. ఇక్కడ 17 సీట్లలో 14 డెమోక్రాట్లవి, 3 రిపబ్లికన్లవి. 2024లో ఇక్కడ ట్రంప్‌కి 43 శాతం పైన ఓట్లొచ్చాయి. 43 శాతం ఓట్లకి మూడు సీట్లా? మా 13వ నియోజకవర్గం మ్యాప్‌లో చూడండి, సెయింట్ లూయిస్ పక్కన మొదలై స్ప్రింగ్‌ఫీల్డ్ మీదుగా షాంపేన్ దాకా పాములాగా పాకుతుంది, కాలేజీ ఊళ్ళనీ పట్నాలనీ ఏరి కలిపి కుట్టినట్టు. మేరీలాండ్‌లో 8లో 7 డెమోక్రాట్లవి. నేను రిపబ్లికన్లకి ఓటేసేవాణ్ణే, దాచుకోను. నా ఓటు ఇక్కడ పదేళ్ళుగా చెరువులో వేసిన రాయే. అప్పుడు ఎవరూ ప్రజాస్వామ్యం పోయిందని అనలేదు. ఆస్టిన్‌లో మీకు కలిగిన బాధ నాకూ కలిగింది సార్, దానికి రంగు లేదు.

బే ఏరియా శ్రీ

రావు గారూ, మీరన్న ఇల్లినాయ్ లెక్కలో తప్పులేదు. కానీ తేడా ఒకటుంది. మా కాలిఫోర్నియాలో 2008, 2010లో జనమే ఓటేసి రాజకీయ నాయకుల చేతిలోంచి పెన్సిల్ లాగేసుకున్నారు. 14 మంది మామూలు పౌరుల కమిషన్, అయిదుగురు డెమోక్రాట్లు, అయిదుగురు రిపబ్లికన్లు, నలుగురు ఏ పార్టీ కానివాళ్ళు. ఊరూరా తిరిగి మీ ఊరు ఎవరితో కలవాలి అని జనాన్నే అడిగి గీసేవాళ్ళు. అలాంటిది టెక్సస్ అయిదు సీట్లు లాక్కుంటుంటే మేము చేతులు కట్టుకుని కూర్చోవాలా?

అందుకే 2025 నవంబరు 4న ప్రపొజిషన్ 50 పెట్టారు, శాసనసభ గీసిన మ్యాప్‌ని 2026, 2028, 2030 ఎన్నికలకి వాడి, ఆ తర్వాత మళ్ళీ కమిషన్‌కి అప్పజెప్పేలా. దాదాపు 64 శాతం అవునన్నారు. నేనూ అవునన్నాను. బ్యాలెట్ ఇంటికే వస్తుంది, రెండు వారాలు టేబుల్ మీద పెట్టుకుని ఆలోచించాను. 2010లో ఈ కమిషన్ కోసం ఓటేసిన మా పెద్దక్క నా మీద కోప్పడింది, మంచి పని ఒకటి చేసుకుంటే దాన్ని మీరే పాడుచేస్తున్నారు అని. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అయినా అవతలివాడు కత్తి తీస్తే నేను నిజాయితీగా ఒట్టి చేతులతో నిలబడతాను అంటే, దెబ్బతినేది నేను ఒక్కడినే కాదు కదా. టెక్సస్‌లో అయిదు పోతే ఇక్కడ అయిదు రావాలి, అప్పుడైనా ఇద్దరూ ఆపుదాం అనే మాట పుడుతుంది.

కేరీ అక్క

ఆ మాట పుట్టలేదు కదా బాబూ. టెక్సస్ తర్వాత మిస్సోరీ, కాన్సస్ సిటీని మూడు ముక్కలు చేశారు. ఆ తర్వాత మేము. నువ్వు అటు అయిదు, వాళ్ళు ఇటు అయిదు అనుకుంటే లెక్క సరిపోయిందేమో గానీ, కాలిఫోర్నియాలో ఊరి బయట ఉన్న రిపబ్లికన్ రైతుకి టెక్సస్‌లో ఉన్న డెమోక్రాట్ ఓటరు పోగొట్టుకున్నది తిరిగి ఇచ్చినట్టా? ఇద్దరికీ పోయింది. నీ మీద కోపంతో కాదు, మా రాష్ట్రంలో పదిహేనేళ్ళుగా ఇది చూసి చూసి అంటున్నాను. ఒకడు గీసింది చూపించి ఇంకొకడు గీస్తాడు, ఆపేవాడు ఎప్పుడూ రాడు.

నేపర్‌విల్ రావు

ఆపినవాళ్ళు ఉన్నారండీ, మా పక్క రాష్ట్రంలోనే. ఇండియానాలో 9 సీట్లలో 7 రిపబ్లికన్లవి, తొమ్మిదికి తొమ్మిదీ చెయ్యాలని మ్యాప్ తెచ్చారు. వాషింగ్టన్ నుంచి నెలల తరబడి ఒత్తిడి, ఉపాధ్యక్షుడు వచ్చి మాట్లాడారు, కాదన్నవాళ్ళకి బెదిరింపులు, ఇళ్ళకి దొంగ ఫోన్లతో పోలీసుల్ని పంపించడం కూడా జరిగింది. సెనేట్‌లో 50 మందిలో 40 మంది రిపబ్లికన్లే. 2025 డిసెంబరు 11న ఓటింగ్ పెడితే 31-19తో ఓడిపోయింది. కాదన్న 31 మందిలో 21 మంది రిపబ్లికన్లు. నా పార్టీ వాళ్ళని తలుచుకుని ఆ రోజు నిజంగా గర్వపడ్డాను. మా జనం ఇది అడగలేదు, సెన్సస్ మధ్యలో ఇది వద్దు అన్నారు, పదవి పోతే పోనీ అనుకున్నారు. కాలిఫోర్నియాలో అలాంటివాళ్ళు ఎందుకు లేరు?

మల్కాజిగిరి ఓటరు

హైదరాబాద్ నుంచి రాస్తున్నాను, అమెరికా ఎప్పుడూ రాలేదు, మా అబ్బాయి ఉంటాడు అక్కడ. డల్లాస్ తమ్ముడి నాన్నగారు ఎందుకు ఆశ్చర్యపోయారో చెప్తాను. మన దగ్గర ఆ పని డీలిమిటేషన్ కమిషన్‌ది. సుప్రీంకోర్టు జడ్జిగా చేసినవారు అధ్యక్షులు, ఎన్నికల కమిషన్ వాళ్ళు సభ్యులు. ఎంపీలు, ఎమ్మెల్యేలు పక్కన కూర్చుని సలహా చెప్పొచ్చు గానీ ఓటు లేదు. 2008లో అలా గీసినవాటితోనే 2009లో మా మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గం పుట్టింది. అధికార పార్టీ అసెంబ్లీలో బిల్లు పెట్టి తన సీట్ల గీతలు తనే గీసుకోవడం అంటే మా వయసువాళ్ళకి ఊహకందదు.

అలాగని మన దగ్గర అంతా బాగుందని కాదు. మా మల్కాజిగిరిలో 2024లో ఓటర్లే 37 లక్షల పైన. లక్షద్వీప్‌లో 60 వేలు కూడా లేరు, వాళ్ళకీ ఒక ఎంపీ, మాకూ ఒక ఎంపీ. అమెరికాలో ఒక్కో నియోజకవర్గంలో ఎంతమంది ఉంటారు?

ఆస్టిన్ పాత కాపు

అంకుల్, మంచి ప్రశ్న. 2020 లెక్కన సగటున 7 లక్షల 61 వేల మంది, ఓటర్లు కాదు, పిల్లలతో కలిపి మొత్తం జనం. ఒకే రాష్ట్రంలో ఒక నియోజకవర్గానికీ ఇంకోదానికీ తేడా దాదాపు ఉండకూడదు, 1964 నుంచి కోర్టులు గట్టిగా పట్టుకున్న నియమం అది. 1983లో న్యూజెర్సీ మ్యాప్‌ని ఒక శాతం కన్నా తక్కువ తేడా ఉన్నందుకే కొట్టేశారు. ఇక్కడ తలలు లెక్కపెట్టడంలో ఇంత పట్టుదల, పార్టీ కోసం గీత ఎటు తిప్పినా ఫెడరల్ కోర్టు అడగదు. మన దగ్గర గీత చాలావరకు నమ్మకంగా ఉంటుంది, ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లు అనే లెక్క మాత్రం 1971 జనాభా దగ్గర ఆగిపోయింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఇంతవరకు ఆలోచించలేదు, మీ వల్ల అర్థమైంది.

రావు గారికి కూడా ఒక మాట. మీ ఇల్లినాయ్ విషయంలో నేను మీవైపే. కానీ మసాచుసెట్స్‌ని ఆ జాబితాలో కలపకండి, చాలామంది కలుపుతారు. అక్కడ 9కి 9 డెమోక్రాట్లే, రిపబ్లికన్ ఓట్లు మూడోవంతు పైన ఉంటాయి. కానీ ఆ ఓట్లు రాష్ట్రమంతా సమానంగా పరుచుకుని ఉన్నాయి, గీత ఎలా గీసినా ఒక్క సీటు రావడం చాలా కష్టం. ఇందాకటి చుక్కల్లో ప్రతి గడిలో మూడు నీలం, రెండు ఎరుపు వచ్చినట్టు. సీట్ల లెక్క ఒక్కటే చూసి మోసం అనలేం, గీసేటప్పుడు ఏం చేశారో చూడాలి. ఈ విద్యకి పేరొచ్చింది కూడా అదే రాష్ట్రంలో, 1812లో గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ సంతకం పెట్టిన సెనేట్ మ్యాప్‌లో ఒక నియోజకవర్గం బల్లిలా కనపడే సాలమాండర్ అనే జంతువులా వంకర్లు తిరిగి ఉందని పత్రికలో బొమ్మ వేసి గెరీమాండర్ అన్నారు. ఇప్పుడు జెరీమాండర్ అంటున్నాం.

డల్లాస్ నాన్న

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా చాలా థాంక్స్. చుక్కలు పెట్టి మా అమ్మాయికి చూపించాను. మూడోసారి చుట్టేసరికి అది పెన్సిల్ పక్కన పెట్టి, "నాన్నా, వీళ్ళని గీయొద్దని చెప్పేవాళ్ళు లేరా?" అంది. మిషిగన్‌లో అలా జనమే చెప్పారని ఎక్కడో చదివాను, టెక్సస్‌లో కుదరదా? ఇంకా నా మూడో ప్రశ్న మిగిలిపోయింది. నవంబరులో ఎవరు గెలుస్తారో ఖాయమైపోయిన చోట నేను ఏం చెయ్యాలి?

ఆస్టిన్ పాత కాపు

మిషిగన్ నిజమే. 2016లో కేటీ ఫేహీ అనే అమ్మాయి ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక చిన్న పోస్టుతో మొదలై, వాలంటీర్లు లక్షల సంతకాలు సేకరించి, 2018లో ఓటింగ్‌కి పెట్టి గెలిచారు, ఇప్పుడు అక్కడ పౌరుల కమిషనే గీస్తుంది. టెక్సస్‌లో ఆ దారి లేదు, సంతకాలు సేకరించి చట్టాన్ని నేరుగా ఓటింగ్‌కి పెట్టే హక్కే రాష్ట్ర స్థాయిలో మనకివ్వలేదు. శాసనసభే దయతలిచి తన పెన్సిల్ వదులుకోవాలి. కాబట్టి ఇక్కడ గీతల సంగతి తేలేది మన స్టేట్ హౌస్, స్టేట్ సెనేట్ సభ్యుల దగ్గరే. మీ కార్డు మీద ఆ రెండు నంబర్లు కూడా ఉన్నాయి చూడండి.

మీ మూడో ప్రశ్నకి నా జవాబు, మార్చిలో ఓటెయ్యండి. నవంబరు ఖాయమైపోయిన చోట అసలు ఎన్నిక పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీయే, 2026లో అది మార్చి 3న. టెక్సస్‌లో పార్టీలో పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, ఆ రోజు వెళ్ళి ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి తీసుకోవచ్చు, ఏదో ఒకటే. ఎవరికీ సగం దాటకపోతే మే 26న రనాఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోటీ. ప్రైమరీకి వచ్చే జనం చాలా తక్కువ, నవంబరులో క్యూలో నిలబడే వాళ్ళలో సగం కూడా కనపడరు, కొద్దిమందే మీ ప్రతినిధి ఎవరో తేల్చేస్తున్నారు. మీ కాలనీలో మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. వాళ్ళందరూ మార్చిలో వస్తే, ఆ అభ్యర్థి ఏ పార్టీ వాడైనా మీ తలుపు కొట్టాల్సిందే. నేను 2014 నుంచి ఒక్క ప్రైమరీ కూడా వదల్లేదు. ఒకసారి రనాఫ్‌లో మా పోలింగ్ స్టేషన్‌కి వెళ్తే లోపల నేనూ ఇద్దరు పెద్దవాళ్ళూ తప్ప ఎవరూ లేరు.

డల్లాస్ నాన్న

ఇది నాకు నిజంగా తెలియదండీ, నవంబరు ఒక్కటే ఓటు అనుకున్నాను. కార్డు వెనక్కి తిప్పి స్టేట్ హౌస్ నంబరు రాసిపెట్టుకున్నాను. రేపు కాలనీ వాట్సాప్ గ్రూపులో మార్చి 3 తేదీ పెడతాను. ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరిలోనే మొదలవుతుందంటున్నారు, మా ఆవిడా నేనూ వీకెండ్‌లో వెళ్తాం. రోడ్డుకి అవతలున్న మా ఫ్రెండ్‌ని కూడా తీసుకెళ్తాను, వాడి నంబరు వేరే అయినా ఇద్దరం ఒకే కారులో పోవచ్చు.